అమ్మలూ, ఆ పేపర్లు పారేయకు

ఎంవీపీ కాలనీ,
విశాఖపట్నం.

చి.ల.సౌ. అమ్మలుకి,
అమ్మ ఆశీస్సులు.

చుట్టుపక్కల బడుల టీచర్లంతా కలిసే స్కూల్ కాంప్లెక్స్ మీటింగులో అందరి ముందూ పరీక్ష ఫలితాల శాతాలతో బడుల లిస్టు చదివారనీ, మీ బడి కింది నుంచి రెండోదనీ రాత్రి ఫోన్లో చెప్పావు. పక్కన మీ అత్తగారున్నారని నువ్వు సగమే చెప్పావు, మీ నాన్నగారు టీవీ పెట్టారని నేను సగమే విన్నాను. పైగా లెక్కల సంగతి ఫోన్లో తెమలదు. అందుకే రాస్తున్నాను.

ముందు ఆ శాతం సంగతి చూడు. మీ మూడో తరగతిలో 11 మంది అన్నావు. అంటే ఒక్కొక్కరూ 9 శాతం. తమ్ముణ్ణి ఎత్తుకుని ఇంట్లో ఉండిపోయే పిల్ల ఆ రోజు వచ్చిందా రాలేదా, కిందటి నెలే వేరే ఊరి నుంచి వచ్చి చేరినవాడు ఎలా రాశాడు, ఇంతమాత్రానికే నీ ర్యాంకు తారుమారైపోతుంది. 60 మంది ఉన్న బడికి అలా కాదు. ఈ భాగహారం మీటింగులో కూర్చున్నవాళ్లకి తెలియక కాదు. లిస్టు చదివితే మీటింగు తొందరగా అయిపోతుంది.

దేశం మొత్తానికి పెట్టే పరీక్ష తీరు వేరు. 2024 డిసెంబరు 4న పరఖ్ అని పిల్లలకి ఏమేం వచ్చో చూసే జాతీయ సర్వే చేశారు కదా, 781 జిల్లాల్లో 21 లక్షల పైచిలుకు పిల్లలకి. అందులో మూడో తరగతి పిల్లల్లో 99 వరకూ అంకెల్ని ఎక్కువ తక్కువల వరసలో పెట్టగలిగింది 55 శాతం. రెండంకెల కూడికలూ తీసివేతలూ చేయగలిగింది 58 శాతం. అది జిల్లా ఎలా ఉందో, రాష్ట్రం ఎలా ఉందో తెలుసుకోడానికి. నీ తరగతిలో ఏ పిల్లకి ఏం రాదో అది చెప్పదు. కానీ ఆ 58 చూశాకైనా, తీసివేత రాని పిల్లలంతా నీ ఖర్మ కొద్దీ నీ బడిలోనే చేరారని అనుకోవు కదా.

"ఈసారి జవాబులు బోర్డు మీద రాసేస్తే సరిపోతుందమ్మా, అందరూ అదే చేస్తారట" అన్నావు. నవ్వుతూనే అన్నావు గాని నాకు నవ్వు రాలేదు. పాపం పుణ్యం సంగతి అలా ఉంచు. జూన్‌లో ఆ 11 మందీ నాలుగో తరగతిలో కూర్చుంటారు. రిజిస్టర్లో అందరికీ 'ఏ' గ్రేడే. ఇక ఎవరికి తీసివేత నేర్పాలో నీకే తెలీదు, నీ తర్వాత వచ్చే టీచరుకి అసలే తెలీదు. 'ఏ' గ్రేడు వచ్చిన పిల్లకి మళ్లీ మొదటి నుంచి ఎవరు చెబుతారు?

ఇప్పుడు అసలు పని. మార్కుల షీటు పక్కన పెట్టు. పిల్లలు వెనక పేజీలో చేసిన చిత్తు లెక్కలు చూడు. 52లోంచి 27 తీస్తే 35 అని ఎంతమంది వేశారు? వాళ్లు తోచింది వేయలేదు. 7లోంచి 2, 5లోంచి 2 తీశారు. పెద్ద అంకెలోంచి చిన్నది తీయాలని ఎవరో నేర్పారు, వాళ్లు బుద్ధిగా పాటించారు. వాళ్లకి పుల్లల కట్టలు ఇచ్చి పదుల కట్ట విప్పడం చూపించాలి. మూడు వందల నాలుగుని 3004 అని రాసినవాడి సంగతి అది కాదు, వాడికి స్థానం విలువ రాలేదు. ఇద్దరికీ మార్కు సున్నాయే. ఇద్దరికీ కలిపి రోజూ పది తీసివేతలు హోంవర్కు ఇస్తే ఇద్దరికీ లాభం లేదు.

ఇంకోటి. లెక్క రాలేదా, చదవడం రాలేదా? జాలరిపేట పిల్లలతో నేను పడ్డ పాట్లు నీకు తెలుసు. ఒకడుండేవాడు, 170 రూపాయల చేపలకి 500 నోటు ఇస్తే ఎంత తిరిగివ్వాలో తల్లికంటే ముందు చెప్పేసేవాడు. అదే లెక్క పేపర్లో వస్తే పెన్సిలు కొరుకుతూ కూర్చునేవాడు. ఒత్తులు వచ్చిన చోటల్లా ఆగిపోయేవాడు, మూడో మాటకి వచ్చేసరికి మొదటిది మర్చిపోయేవాడు. ప్రశ్న నేను చదివి వినిపిస్తే చాలు, చేసేసేవాడు. నువ్వూ ఒక్కొక్కర్నీ పక్కన కూర్చోబెట్టుకుని ఒక పేరా చదివించు. ఒకరికి ఐదు నిమిషాలు. ఎవరు అక్షరాల దగ్గరున్నారు, ఎవరు మాటల దగ్గరున్నారు, ఎవరు కథ చదివేస్తున్నారు అని రాసిపెట్టుకో. సరైన జవాబుకి సున్నా నింపే ఓఎంఆర్ షీటు ఇది చెప్పదు. 2022-23లో ఆ షీట్లు మొదటిసారి వచ్చినప్పుడు నా దగ్గరొకడు సున్నాలన్నీ నింపేసి, "ఒక్కటీ వదల్లేదు టీచర్" అని గర్వంగా తెచ్చిచ్చాడు!

మీ నాన్నగారేమో "మార్కులు మార్కులే, ఎన్ని చెప్పినా" అంటున్నారు. పూర్తిగా కొట్టిపారేయలేను. 2005లో మన ఉమ్మడి రాష్ట్రంలోనే కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు ప్రభుత్వ బడుల్లో ఒక అధ్యయనం మొదలుపెట్టారు. పిల్లల మార్కులు పెరిగితే టీచర్లకి బోనస్. రెండేళ్లలో ఆ బడుల పిల్లలు మిగతా బడుల కంటే లెక్కల్లోనూ భాషలోనూ ముందున్నారు, బోనస్ లేని సైన్సు, సోషల్‌లో కూడా. టీచర్ల గైర్హాజరు మాత్రం ఏమీ తగ్గలేదు, అది చదివి నేను నవ్వుకున్నాను. వచ్చిన రోజు ఎక్కువ పని చేశారన్నమాట: హోంవర్కులు, అదనపు క్లాసులు, వెనకబడ్డవాళ్ల మీద శ్రద్ధ. నాకు నచ్చింది వేరే. వాళ్లు ఎవరికెన్ని మార్కులొచ్చాయని చూడలేదు, మొదట పెట్టిన పరీక్ష నుంచి ఎంత పెరిగాయని చూశారు. అక్షరాల నుంచి మాటలకి వచ్చిన పిల్ల ఆ లెక్కలో కనిపిస్తుంది. మీ మీటింగు లిస్టులో కనిపించదు.

కాబట్టి నువ్వే ఒక కాగితం తయారుచెయ్యి. 11 పేర్లు. పక్కన ఇప్పుడు ఏది చదవగలరు, ఏ లెక్క చేయగలరు. సంక్రాంతి ముందు మళ్లీ చూసి రెండో గడి నింపు. వచ్చే మీటింగులో లిస్టు చదివితే లేచి ఇది కూడా చదువుతానని అడుగు. ఒప్పుకోకపోతే గొడవపడకు, ఒక కాపీ మీ హెచ్‌ఎం గారికి ఇచ్చి, ఒకటి నీ ఫైల్లో పెట్టుకో. పిల్లల తల్లులకి మాత్రం తప్పకుండా చూపించు. "మీ పాప అప్పుడు ఇది చదవలేకపోయేది, ఇప్పుడు చదువుతోంది" అంటే వాళ్లకి అర్థమవుతుంది. గ్రేడులు నాకే సరిగ్గా అర్థం కావు.

పండక్కి వచ్చేటప్పుడు ఆ చిత్తు లెక్కల పేపర్లు అన్నీ పట్టుకురా, పాత పేపర్ల వాడికి వేసేయకు. ఇద్దరం కూర్చుని చూద్దాం. మా అత్తగారి కాలం నాటి పుల్లల కట్టలు అటక మీద ఉన్నాయి, నాన్నగారి చేత దింపిస్తాను. భీమిలిలో ఎండు రొయ్యలు బాగుంటే ఒక అరకేజీ తెమ్మంటున్నారు ఆయన.

ఉంటాను,
అమ్మ