విద్యార్థి సహాయ నిధి, విజయవాడ: 2024–25 వార్షిక నివేదిక

గౌరవ సభ్యులకు, దాతలకు, శ్రేయోభిలాషులకు నమస్కారాలు.

సంఘం నియమావళి ప్రకారం ఏడాది పొడవునా జరిగిన పనుల వివరాలను సర్వసభ్య సమావేశం ముందు ఉంచుతున్నాను. మన ఆశయాలు మీకు తెలిసినవే కనుక వాటిని మళ్లీ ఏకరువు పెట్టడం లేదు. ఈసారి మన శ్రమలో సింహభాగం బుడమేరు వాగు వరద తరవాత జరిగిన పనికే పట్టింది కాబట్టి నివేదికలోనూ దానికే ఎక్కువ చోటు ఇచ్చాను.

2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల్లో కురిసిన కుండపోతకు బుడమేరు గట్లు తెగి సింగ్‌నగర్, రాజరాజేశ్వరీపేట, పాయకాపురం, వాంబే కాలనీ రోజుల తరబడి నీళ్లలో ఉండిపోయిన సంగతీ, ఆ వెంటనే ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చిన సంగతీ మనలో ఎవరూ మరిచిపోలేదు. అన్నం పొట్లాలు, పాలు, మంచినీళ్లు అందించడానికి ఎన్నో సంస్థలు ముందుకొచ్చాయి. కింది అంతస్తు మునిగిన ఇంటికి 25 వేల రూపాయలు, పై అంతస్తుల్లోని వారికి 10 వేల రూపాయలు ఇస్తామని ప్రభుత్వం ప్రకటించింది. అటువంటి సాయం ఎంత అందినా మంచాలకు, బియ్యానికి, గ్యాసు పొయ్యికి, నీళ్లు దూరిన ఆటో ఇంజనుకే సరిపోతుంది. ముందు వాటికే ఖర్చు కావాలి కూడా. మన కార్యవర్గం అత్యవసరంగా సమావేశమై చర్చించింది మాత్రం నష్టపరిహారం జాబితాల్లో ఎక్కడా కనిపించని మరొక నష్టం గురించి. బీరువా అడుగు అరలోనో, మంచం కింద ట్రంకు పెట్టెలోనో దాచుకున్న సర్టిఫికెట్ల ఫైలు తడిసి ముద్దయితే, ఆ ఇంట్లో డిగ్రీ చదివే పిల్లకు స్కాలర్‌షిప్పు దరఖాస్తు దగ్గరనుంచి పీజీ సీటు దాకా అన్నీ ఒక్కసారిగా ఆగిపోతాయి.

అందుకే నీళ్లు తగ్గగానే మన సభ్యులు ఒకరు ఉచితంగా ఇచ్చిన కల్యాణ మండపంలో సర్టిఫికెట్ల శిబిరం నిర్వహించాం. సంఘం చరిత్రలో ఇంతకంటే ప్రయోజనకరమైన కార్యక్రమం జరగలేదని కార్యదర్శిగా గర్వంగా చెప్పుకుంటున్నాను. పిల్లలు ప్లాస్టిక్ కవర్లలో, పాత చీర ముక్కల్లో చుట్టుకుని తెచ్చిన కాగితాలను మన మహిళా సభ్యులు ఒక్కొక్కటిగా విడదీసి, బురదను దూదితో తుడిచి, దినపత్రికల మధ్య పరచి, ఎండ తగలని చోట ఫ్యాను గాలికి ఆరబెట్టారు. లామినేషన్ చేయించినవి భద్రంగా ఉంటాయని అందరం అనుకుంటాం. తీరా చూస్తే, అంచు ఊడిన చోట లోపలికి దిగిన నీళ్లు బయటకు పోయే దారి లేక సిరా అంతా అలుక్కుపోయినవి వాటిలోనే ఎక్కువ కనిపించాయి. ఇకమీదట మన పిల్లలకు ఒరిజినల్ సర్టిఫికెట్లను లామినేట్ చేయించవద్దనీ, వేడి ప్లాస్టిక్‌తో అతికించకుండా విడి కవర్లలోనే పెట్టుకోవాలనీ గట్టిగా చెబుతున్నాం.

డిగ్రీ మూడో సంవత్సరం చదువుతున్న ఒక అమ్మాయి తెచ్చిన ఇంటర్ మార్కుల మెమోలో హాల్ టికెట్ నంబరు ఉన్న ముక్క తప్ప చదవడానికి మరేమీ మిగల్లేదు. ఆమె తండ్రి ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డులో వెల్డింగు పని చేస్తారు. "మాస్టారూ, ఇది పోతే నేను మళ్లీ పరీక్ష రాయాలా?" అని ఆ అమ్మాయి అడిగినప్పుడు అక్కడ కూర్చున్న విశ్రాంత ఉపాధ్యాయులు ఆ నంబరుతోనే ప్రభుత్వ పత్రాలను ఆన్‌లైన్‌లో భద్రపరిచే డిజీలాకర్ తెరిపించి, బోర్డు జారీ చేసిన మెమోను ఆమె ఫోనులోకి రప్పించారు. మిగిలినవారికీ ఇదే పద్ధతిలో దొరికినవి దొరికాయి. దొరకనివాటికి పోలీసు ఫిర్యాదు నకలు, నోటరీ అఫిడవిట్, చదివిన పాఠశాల ప్రధానోపాధ్యాయుల సంతకం సంపాదించి నకలు పత్రాలకు దరఖాస్తు చేయించాం. నోటరీగా ఉన్న మన సభ్యులు ఒక్క రూపాయి కూడా తీసుకోకుండా ఆ పని అంతా చేసిపెట్టారు.

ఇంత చేసినా ఒక కళాశాల కార్యాలయంలో డిజీలాకర్ పత్రం చెల్లదనీ, కాగితం తెస్తేనే దరఖాస్తును పైకి పంపుతామనీ పిల్లలను తిప్పి పంపారు. 2016లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం డిజీలాకర్ ద్వారా జారీ అయిన పత్రం అసలు పత్రంతో సమానమని రాతపూర్వకంగా చూపించిన తరవాతే అక్కడి సిబ్బంది ఒప్పుకున్నారు. నియమం తెలియకపోవడం ఒక సంగతి. ఇల్లు మునిగిన పిల్లలతో మాట్లాడిన తీరు మరో సంగతి. అది నన్ను ఎక్కువ బాధపెట్టింది.

ఇక ఫీజు గడువు లోపల పిల్లలకు అందించి, ప్రభుత్వ సొమ్ము వచ్చాక తిరిగి తీసుకునే చేబదులు నిధి విషయం. ఉమ్మడి రాష్ట్రంలో 2008లో ఫీజు రీయింబర్స్‌మెంట్ మొదలైనప్పటి నుంచి పథకం పేరు మారింది, డబ్బు వెళ్లే దారి మారింది. మధ్యలో కొన్నేళ్లు తల్లుల ఖాతాల్లో పడింది. ఇప్పుడు మళ్లీ నేరుగా కళాశాలల ఖాతాలకే చెల్లించాలని ప్రభుత్వం నిర్ణయించింది. ఏ దారిన వచ్చినా మన అనుభవంలో మారనిది ఒక్కటే: డబ్బు ఆలస్యంగా వస్తుంది, పరీక్ష ఫీజు గడువు మాత్రం ఆగదు. కుటుంబ ఆదాయం ఏడాదికి రెండున్నర లక్షల లోపు ఉండి, 75 శాతం హాజరు ఉండి, అన్ని అర్హతలూ ఉన్న పిల్లవాడిని కూడా "ముందు మీరు కట్టండి, ప్రభుత్వం ఇచ్చాక తిరిగి ఇస్తాం" అని యాజమాన్యాలు నిలదీస్తుంటే, ఆ వారంలో ఆ కుటుంబం వెళ్లేది నూటికి అయిదు, పది రూపాయల వడ్డీకి ఇచ్చేవారి దగ్గరికే. వెనకటి రోజుల్లో వారాలు చేసుకుని చదువుకున్న పెద్దలు మన సంఘంలో ఇప్పటికీ ఉన్నారు. సోమవారం అన్నం పెడతామని మాటిచ్చిన ఇల్లాలు సోమవారమే పెట్టేది కాబట్టి వారి చదువులు సాగాయి. మన నిధి ఇచ్చే మొత్తం చిన్నదే అయినా దానికి విలువ వచ్చేది గడువు లోపల అందడం వల్లనే. ఈ మాటను ఈ సభలో ఎన్నిసార్లయినా చెబుతాను.

ఈ ఏడాది చేబదులు తీసుకున్నవారిలో ఎక్కువమంది సెమిస్టర్ పరీక్షల ముందు హాల్ టికెట్ ఆపివేసిన ఇంజనీరింగ్, డిగ్రీ విద్యార్థులే. ఒక బీటెక్ విద్యార్థి విషయంలో తెల్లవారితే పరీక్ష అనగా సాయంత్రం మనకు తెలిసింది. మన కోశాధికారి రాత్రికి రాత్రే ఆ ఫీజు చెల్లించి, పొద్దున్నే స్వయంగా వెళ్లి హాల్ టికెట్ ఇప్పించారు. కోర్సు పూర్తయిన తరవాత కూడా బకాయి పేరుతో ఒరిజినల్ సర్టిఫికెట్లు అట్టేపెట్టుకున్న సందర్భాలు వచ్చాయి. అలా అట్టేపెట్టుకోకూడదని విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘం (యూజీసీ) 2018లోనే స్పష్టం చేసిందని తెలియని తల్లిదండ్రులు ఇప్పటికీ బతిమాలుకుంటూ తిరుగుతున్నారు. వారి తరఫున లేఖలు రాయడం ఈ ఏడాది నుంచి సంఘం పనిలో భాగమైంది.

రాష్ట్ర పథకానికి ఆదాయ పరిమితి దాటినవారి ఇబ్బంది ఇంకో రకం. బీసెంట్ రోడ్డులో బట్టల దుకాణంలో గుమాస్తాగా పనిచేసే తండ్రి, ప్రైవేటు పాఠశాలలో టీచరుగా ఉన్న తల్లి, ఇద్దరి జీతాలూ కలిస్తే రెండున్నర లక్షలు దాటుతాయి. కానీ ఇద్దరు పిల్లల కళాశాల ఫీజులకు అవి చాలవు. ఇటువంటి కుటుంబాలు కేంద్ర ప్రభుత్వ స్కాలర్‌షిప్పుల పోర్టల్ వైపు చూడాలి. ఇంటర్‌లో తమ బోర్డు విద్యార్థుల్లో పై 20 శాతంలో నిలిచి, కుటుంబ ఆదాయం నాలుగున్నర లక్షల లోపు ఉన్నవారికి కేంద్ర పథకం కింద ఎంపికైతే డిగ్రీలో ఏడాదికి 12 వేలు, పీజీలో 20 వేలు వస్తాయి. అఖిల భారత సాంకేతిక విద్యా మండలి (ఏఐసీటీఈ) గుర్తింపు ఉన్న కళాశాలలో ఇంజనీరింగ్ లేదా డిప్లొమాలో చేరిన అమ్మాయిలకు ఎంపికైతే ప్రగతి పథకంలో ఏడాదికి 50 వేలు ఇస్తారు. దానికి ఆదాయ పరిమితి ఎనిమిది లక్షలు, ఒక ఇంట్లో ఇద్దరు అమ్మాయిల వరకు అర్హులు. వీటి గురించి కళాశాల నోటీసు బోర్డులో చిన్న కాగితం అంటించి ఊరుకుంటున్నారు. మన సహాయ కేంద్రంలో దరఖాస్తు చేయించినప్పుడు తరచు ఎదురైన అడ్డంకి ఆధార్‌కు, బ్యాంకు ఖాతాకు మధ్య లంకె. పిల్లవాడు ఒక బ్యాంకు పాసుపుస్తకం తెస్తాడు, ఆధార్‌కు మాత్రం ఎప్పుడో వాడి వదిలేసిన మరో ఖాతా ముడిపడి ఉంటుంది, డబ్బు అటు వెళ్లిపోతుంది లేదా వెనక్కి పోతుంది. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పొడి అక్షరంగానూ, ఆధార్‌లో పూర్తిగానూ ఉండటం మరో తలనొప్పి. రెన్యువల్ విషయంలో మాత్రం పిల్లలను మందలించక తప్పడం లేదు. మొదటి ఏడాది కష్టపడి సాధించి, రెండో ఏడాది గడువు దాటబెట్టుకున్నవారు ఈసారీ కనిపించారు.

ప్రైవేటు కళాశాలల్లో పీజీ చదివేవారి పరిస్థితి మరీ కష్టంగా ఉంది. 2020 డిసెంబరులో వచ్చిన 77వ నంబరు జీవోతో వారు ఫీజు చెల్లింపుకు దూరమైనప్పటి నుంచి ఎంబీఏ, ఎంసీఏ విద్యార్థుల దరఖాస్తులు మన దగ్గర పెరుగుతూ వచ్చాయి. వారికి చేబదులు సరిపోదు, ఎందుకంటే తిరిగి ఇవ్వడానికి వచ్చే సొమ్మే లేదు. కొందరిని విద్యారుణాల వైపు నడిపించాం. నాలుగు లక్షల వరకు విద్యారుణానికి హామీ ఆస్తి అడగకూడదని రిజర్వు బ్యాంకు ఆదేశం ఉన్నా, ఒక శాఖలో ఇంటి దస్తావేజులు తెమ్మన్నారు. ఆదేశం ప్రతి పట్టుకుని మన సభ్యులైన విశ్రాంత బ్యాంకు అధికారి వెంట వెళ్తే గానీ ఫైలు కదల్లేదు. 2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి పథకం ఎంపిక చేసిన ఉన్నత విద్యాసంస్థలకే వర్తిస్తుంది కాబట్టి మన పిల్లల్లో చాలామందికి అది అక్కరకు రాలేదు.

జమాఖర్చుల పట్టికను ఆడిటరు సంతకంతో కోశాధికారి విడిగా జతపరిచారు. చేబదులుగా ఇచ్చిన సొమ్ములో అధిక భాగం తిరిగి వచ్చింది. రానివాటిలో చాలావరకు ప్రభుత్వ బకాయిలు కళాశాలలకు ఇంకా అందని విద్యార్థులవే. సందేహాలుంటే సభలో అడగవచ్చు.

కొన్ని మాటలు మనసు విప్పి చెప్పవలసి ఉంది. గత సర్వసభ్య సమావేశంలో స్వచ్ఛందంగా పనిచేస్తామని చేతులెత్తి పేర్లు రాయించినవారిలో సగానికి పైగా వరద శిబిరంలో గాని, సహాయ కేంద్రంలో గాని కనిపించలేదు. కబురు చేసినా బదులు లేదు. విరాళం ఇచ్చాం కదా అని కొందరు అన్నారు. ఆ విరాళం లేకపోతే నిధే లేదు, కాదనను. కానీ తహసీల్దారు కార్యాలయం వరండాలో ఆదాయ ధ్రువపత్రం కోసం పొద్దుటి నుంచి నిలబడ్డ అమ్మాయి పక్కన నిలబడి, సర్వరు పనిచేయడం లేదన్నప్పుడు రేపు ఎన్ని గంటలకు రమ్మంటారని గట్టిగా అడిగే మనిషి కావాలి. వచ్చే ఏడు పేరు ఇచ్చేవారు నెలకు ఒక్క శనివారం అయినా ఖచ్చితంగా ఇవ్వగలిగితేనే ఇవ్వండి. అధికారుల తీరూ ఇలాగే ఉంది. స్కాలర్‌షిప్పుల అవగాహన సదస్సుకు వస్తానని ఒప్పుకున్న అధికారి కోసం పిల్లలు మధ్యాహ్నం దాకా భోజనాలు మాని కూర్చున్నారు. ఆయన రాలేదు, రాలేనని చెప్పనూ లేదు. ఆ రోజు సదస్సును నిలబెట్టింది మన నిధి సాయంతో చదివి, ఇప్పుడు ఉద్యోగంలో ఉన్న ఒక పూర్వ విద్యార్థిని. ఒక్కో దరఖాస్తును తెర మీద నింపి చూపిస్తూ రెండు గంటలు మాట్లాడారు.

అండగా నిలిచినవారి రుణం పెద్దది. మండపం ఇచ్చిన సభ్యులకు, నోటరీ గారికి, విశ్రాంత ఉపాధ్యాయులకు, వరద పిల్లల జిరాక్సులకు డబ్బు పుచ్చుకోని గవర్నరుపేట దుకాణదారుకు, తడిసిన పుస్తకాల స్థానంలో పాతవి సేకరించి ఇచ్చిన కళాశాల గ్రంథాలయ సిబ్బందికి, శిబిరంలో అందరికీ పులిహోర, పెరుగన్నం వండి పెట్టిన మహిళా విభాగానికి, తమ వీధి కూడా మునిగి ఉన్నా ఇంటింటికీ తిరిగి పిల్లలను పిలుచుకొచ్చిన వార్డు సచివాలయ ఉద్యోగినులకు, విదేశాల నుంచి అడక్కుండానే విరాళాలు పంపిన పూర్వ విద్యార్థులకు, వేళకాని వేళ పిలిచినా పలికిన కోశాధికారికి, సంయుక్త కార్యదర్శికి పేరుపేరునా కృతజ్ఞతలు.

సభ ఆమోదం కోసం కార్యవర్గం మూడు ప్రతిపాదనలు తెచ్చింది. పరీక్ష ఫీజులు పెరిగినందున చేబదులు పరిమితిని పది వేల నుంచి పదిహేను వేలకు పెంచాలి. ప్రైవేటు పీజీ విద్యార్థుల కోసం తిరిగి ఇవ్వనక్కరలేని సాయంగా ఒక ప్రత్యేక ఖాతా తెరవాలి. బుడమేరు పరివాహక కాలనీల్లోని ప్రతి విద్యార్థి సర్టిఫికెట్లనూ వానకాలం రాకముందే డిజీలాకర్‌లోకి చేర్పించాలి. మూడోదానికి డబ్బు అక్కరలేదు, కాలనీకి ఇద్దరు మనుషులు చాలు. వారి పేర్ల కోసం సంయుక్త కార్యదర్శి దగ్గర పుస్తకం ఉంది. సభ ముగిసేలోగా అందులో రాయించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు
కార్యదర్శి
విజయవాడ