మనవడి గిన్నె గురించి సాంబశివానికి

హబ్సిగూడ, హైదరాబాదు

ప్రియమైన సాంబశివా,

నీ ఉత్తరం మొన్న మంగళవారం అందింది. తొమ్మిది నెలలు నిండిన మనవడు గిన్నె కనబడగానే మూతి బిగిస్తున్నాడనీ, ఒక్క ముద్ద లోపలికి పోవడానికి ఇంటిల్లిపాదీ పళ్ళాలు వాయించవలసి వస్తోందనీ, వనపర్తిలో దొరకని ఆ ఖరీదైన డబ్బా పొడిని ఇక్కడ కొని పంపమనీ రాశావు. పొడి కొనలేదు. కోప్పడే ముందు ఈ ఉత్తరం చివరిదాకా చదువు. చెల్లెమ్మకూ అమ్మాయికీ కూడా చదివి వినిపించు, ఎందుకంటే ఆ ఇంట్లో గిన్నె పట్టుకునేది నువ్వు కాదని నాకు బాగా తెలుసు.

నేను రోజూ పొద్దున నడకకు వెళ్ళేది తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ గోడ పక్కనుంచే. 1918లో కూనూరులో బెరిబెరి వ్యాధి మీద విచారణగా మొదలై, 1958లో మన ఊరికి తరలివచ్చిన సంస్థ అది. మా మనవరాలు అన్నం దగ్గర పేచీ పెట్టిన రోజుల్లో, అసలు పిల్లల తిండి మీద ఈ చుట్టుపక్కల ఏమేం పరిశోధనలు జరిగాయో చూద్దామని చదవడం మొదలుపెట్టాను. లెక్కల మాస్టారుగా పనిచేసినవాడిని కదా, ఎవరైనా ‘ఇది తింటే మేలు’ అంటే, ‘దేనితో పోలిస్తే?’ అని అడగకుండా ఉండలేను.

ముందు ఉప్మా సంగతి చెబుతాను. 1987 నుంచి 1990 వరకు హైదరాబాదు దగ్గరి 29 పల్లెల్లో ఒక పెద్ద అధ్యయనం జరిగింది. సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం అప్పటికే చేరిన 15 ఊళ్ళలో, మొక్కజొన్న, సోయా కలిపిన పిండితో చేసిన ఉప్మాను గర్భిణులకు రోజుకు సుమారు 500 కేలరీలు, ఆరేళ్ళలోపు పిల్లలకు సుమారు 300 కేలరీలు అందేలా పెట్టారు. పథకం ఇంకా రాని 14 ఊళ్ళను పోలిక కోసం తీసుకున్నారు. ఉప్మా అందిన ఊళ్ళలో పుట్టిన బిడ్డలు సగటున 61 గ్రాములు ఎక్కువ బరువున్నారు. ‘ఇంతేనా?’ అంటావని తెలుసు, నేనూ అలాగే అనుకున్నాను. అసలు కథ ఆ తరువాతే ఉంది. ఆ పిల్లలు 13 నుంచి 18 ఏళ్ళ వాళ్ళయ్యాక పరిశోధకులు మళ్ళీ ఆ ఊళ్ళకు వెళ్ళి, 1165 మందిని కొలిచి, 2008లో ఫలితాలు ప్రకటించారు. ఉప్మా ఊళ్ళ పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు ఎక్కువ పొడవున్నారు; వాళ్ళ శరీరంలో ఇన్సులిన్ నిరోధకత, అంటే చక్కెరను అదుపులో ఉంచే ఇన్సులిన్‌కు ఒళ్ళు సరిగా లొంగకపోవడం, సుమారు 20 శాతం తక్కువగా ఉంది; రక్తనాళాల బిరుసుదనం కూడా తక్కువే. కడుపులో ఉన్నప్పుడూ, పసితనంలోనూ అందిన కాస్త తిండి, పదిహేనేళ్ళ తరువాత చక్కెర జబ్బు ముప్పును తగ్గిస్తుందేమో అన్న ఆశ అక్కడ పుట్టింది.

ఇక్కడే నా లెక్కల బుద్ధి అడ్డు తగిలింది. ఏ ఊరికి ఉప్మా, ఏ ఊరికి కాదు అన్నది చీట్లు వేసి తీసింది కాదు. పథకం ముందు చేరిన ఊళ్ళు, ఇంకా చేరనివి, అంతే. పైగా పథకంతోపాటు టీకాలు, రక్తహీనతకు మందులు, ఆరోగ్య పరీక్షలు కూడా వచ్చాయి కనుక, కనబడిన మేలంతా ఒక్క ఉప్మా ఖాతాలోనే వేయడం కుదరదు. అదే అధ్యయనంలోని వాళ్ళు 18 నుంచి 23 ఏళ్ళకు వచ్చాక, తల్లి గర్భంతో ఉన్నప్పుడు తిన్న ఆ ఉప్మా వల్ల బిడ్డకు కలిగిన లాభాన్ని వెదికి ప్రచురించినప్పుడు, కండ విషయంలో గాని, గుండెజబ్బు ముప్పు విషయంలో గాని చెప్పుకోదగిన మేలు తేలలేదు. ఇంతకాలం ఓపికపట్టి, ఆశించిన ఫలితం రాకపోయినా దాచకుండా అచ్చువేసిన వాళ్ళంటే నాకు గౌరవం. నువ్వు కొనమన్న డబ్బా మీది రాతలకు అలాంటి పరీక్ష ఏదీ లేదు.

ఇక నీ మనవడికి నిజంగా పనికివచ్చే అధ్యయనం నల్లగొండ జిల్లాది. ఇందులో పరిశోధకులు ఎవరికీ తిండి పంచలేదు, మాటలు మాత్రమే పంచారు. 60 ఊళ్ళలో 600 మంది తల్లీబిడ్డలను తీసుకుని, ఊళ్ళను మూడు జట్లుగా విభజించారు. మొదటి జట్టుకు మామూలుగా అంగన్వాడీ సేవలే. రెండో జట్టు ఇళ్ళకు, శిక్షణ పొందిన ఆ ఊరి ఆడవాళ్ళే బిడ్డ మూడో నెల నుంచి పదిహేనో నెల దాకా వెళ్ళి, ఏ వయసులో ఏది, ఎంత, ఎలా వండి పెట్టాలో 11 సూచనలుగా చెప్పారు. మూడో జట్టుకు ఆ 11తోపాటు, తినిపించేటప్పుడు బిడ్డ సైగలను కనిపెట్టి నడుచుకోవడం, కళ్ళలోకి చూసి మాట్లాడడం, బలవంతపెట్టకపోవడం, బిడ్డతో ఆడుకోవడం కూడా నేర్పారు. 2013లో వెలువడిన ఫలితాల్లో రెండో, మూడో జట్ల పిల్లల తిండి మెరుగుపడింది. గిడసబారడం, అంటే వయసుకు తగ్గ ఎత్తు ఎదగకపోవడం, మాత్రం రెండో జట్టులోనే స్పష్టంగా తగ్గింది. మానసిక వికాస పరీక్షలో మూడో జట్టు పిల్లలే ముందున్నారు. అన్నీ నేర్పిన జట్టుకు అన్నిటా పైచేయి రాలేదన్న మాట నాకు చాలాసేపు మింగుడుపడలేదు. చెప్పిన మాటలు ఎక్కువైనకొద్దీ ఒక్కొక్క మాటా పలచబడిందేమోనని నా ఊహ. ఇది నా ఊహ మాత్రమే సుమా.

ఆ మూడో జట్టుకు చెప్పిన మాటలు చదువుతుంటే నాకు సిగ్గేసింది. మా ఇంట్లో ఆ రోజుల్లో కోడలు ఫోనులో బొమ్మలు పెట్టేది, మనవరాలు నోరు తెరిచి వాటిని చూస్తుండగా నేను చెంచాతో అన్నం కూరేవాడిని. ఒకనాడు చెంచా చివర పాప చిగురుకు తగిలి కాస్త రక్తం వచ్చింది. ఆ తరువాత వారం రోజులు చెంచా చూస్తేనే ఏడుపు. తప్పు తిండిది కాదు, నా చేతిది. అప్పటినుంచి మేము ఫోను పక్కన పెట్టి, నేల మీద చాప పరిచి, మేము తినే వేళకే పాపకు ఎదురుగా చిన్న పళ్ళెంలో మెత్తగా మెదిపిన పప్పన్నం నాలుగు గోరుముద్దలు పెట్టాము. మొదటి రోజు రెండు ముద్దలు జుట్టుకు, ఒకటి చాపకు, ఒకటి నోటికి చేరాయి. తల పక్కకు తిప్పితే ఆపేశాము. నోరు తెరిచి ముందుకు వంగితేనే మరో ముద్ద. పదో రోజుకు లెక్క తిరగబడింది. మన అమ్మలు చందమామను చూపిస్తూ, కబుర్లు చెబుతూ తినిపించింది ఇదే పద్ధతి కదూ!

ఇప్పుడు పొడి సంగతి. పోషకాహార లోపంతో చిక్కిపోయిన పిల్లల కోసం జాతీయ పోషకాహార సంస్థ ఏనాడో ఒక మిశ్రమం తయారుచేసింది. దాని పేరే ‘హైదరాబాద్ మిక్స్’. 40 గ్రాముల గోధుమలు, 16 గ్రాముల శనగపప్పు, 10 గ్రాముల పల్లీలు, 20 గ్రాముల బెల్లం. వేయించి పొడిచేస్తే సుమారు 330 కేలరీలు, 11 గ్రాముల మాంసకృత్తులు వస్తాయి. మీ వాడు చిక్కిపోలేదు కనుకనూ, రెండేళ్ళలోపు పిల్లల తిండిలో తీపి కలపడం మంచిది కాదని ఇప్పటి మార్గదర్శకాలు చెబుతున్నాయి కనుకనూ మీకు పంపుతున్న పొడిలో నేను బెల్లం మానేశాను. ఈ పొడి ఒక్కటే చాలదు. తొమ్మిది నెలల బిడ్డకు తల్లిపాలు కొనసాగిస్తూనే రోజుకు మూడు నాలుగు సార్లు గట్టి ఆహారం కావాలి. గుడ్డో చేపో మాంసమో రోజూ ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో స్పష్టంగా రాసింది. మీ ఇంట్లో గుడ్డుకు అభ్యంతరం లేదు కదా, ఉడికించి మెదిపి అన్నంలో కలపండి. ఈ పొడితో కాచే జావ చెంచా మీంచి నీళ్ళలా జారిపోకూడదు. పలచని జావతో పసివాడి పొట్ట నిండుతుందే గాని బలం రాదు. అంగన్వాడీలో ప్రతి నెలా తూకం వేయించి, ఎదుగుదల పట్టికలో గీత పైకి పోతోందో లేదో చూడు. గీత పడుకుందంటే మాత్రం నా ఉత్తరం పక్కన పడేసి వెంటనే డాక్టరుకు చూపించు.

400 గ్రాముల గోధుమలు, 160 గ్రాముల శనగపప్పు నిన్న మీ చెల్లెలు విడివిడిగా దోరగా వేయించింది. వాటిని గిర్నీలో పట్టించుకొచ్చాను. పల్లీలు 100 గ్రాములు. వాటిని గిర్నీలో వేస్తే నూనె వచ్చి రాళ్ళకు అంటుకుంటుందని గిర్నీవాడు ఒప్పుకోడు కనుక, పొట్టు తీసి, పట్టించిన పిండే కాస్త కలిపి ఇంట్లో మిక్సీలో మెత్తగా కొట్టాము. పలుకు ఒక్కటి కూడా మిగలకుండా రెండుసార్లు జల్లించాను, పసివాడి గొంతుకు అడ్డం పడకూడదు. ఆదివారం మా అల్లుడు వనపర్తి వస్తున్నాడు, స్టీలు డబ్బా అతని చేతికిస్తాను. మనవడు మొదటి రోజు ఎన్ని ముద్దలు తిన్నాడో, ఎన్ని నీ చొక్కా మీద వేశాడో లెక్క తప్పకుండా రాయి.

నీ
రామచంద్రం