వలస కూలీల ఐఎన్‌ఆర్ పరీక్ష ఎవరి బాధ్యత?

సంపాదకుడు గారికి,

మిరప కోతలొస్తే మా ఆదోని, కోసిగి, మంత్రాలయం వైపు ఎన్నో ఇళ్లకు తాళాలు పడతాయి. గుంటూరు వైపు బండ్లెక్కేవాళ్లలో గుండె వాల్వు చెడి, రక్తం గడ్డకట్టకుండా రోజూ మాత్ర మింగాల్సిన ఆడవాళ్లూ ఉంటారు. ఆదోనిలో నాకు మందుల షాపు ఉంది. "రెండు నెలలకు సరిపోయేంత ఇయ్యన్నా" అంటారు. డాక్టరు చీటీ ఉంది కాబట్టి ఇస్తాను. మరి ఆ రెండు నెలలూ ఐఎన్‌ఆర్ పరీక్ష, అంటే రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతుందో చూసే పరీక్ష, ఎక్కడ చేయించుకోవాలి?

వాల్వు చెడినవాళ్లలో చాలామందికి ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అనే జబ్బు కూడా ఉంటుంది. అందులో గుండె లయ తప్పుతుంది. పై గదులు సరిగా ముడుచుకోక రక్తం నిలిచి గడ్డ కడుతుంది. అది మెదడుకు చేరితే పక్షవాతమే. ఈ జబ్బున్నవాళ్లకు ఆ ముప్పు సుమారు 5 రెట్లు. గుండె ఎడమవైపు గదుల మధ్య ఉండే మైట్రల్ వాల్వు సన్నబడితే ఇంకా ఎక్కువ. తరచూ రక్తపరీక్ష అక్కర్లేని అపిక్సబాన్ వంటి మందులు ఇప్పుడు చవగ్గానే దొరుకుతున్నాయి, నిజమే. కానీ చిన్నప్పటి కీళ్లవాతపు జ్వరంతో మైట్రల్ వాల్వు బాగా మూసుకుపోయినవాళ్లకు, లోహపు వాల్వు వేయించుకున్నవాళ్లకు వార్ఫరిన్, అసిట్రోం లాంటి పాత మందులే గతి. ఐఎన్‌ఆర్ చాలామందికి 2, 3 మధ్య నిలవాలి. తగ్గితే గడ్డ, పెరిగితే రక్తస్రావం.

వలసలో తిండి మారుతుంది. ఆకుకూర ఎక్కువైనా తక్కువైనా ఈ మందు పనితీరు మారిపోతుంది. నడుము పట్టేసిందని అక్కడి అంగట్లో నొప్పి మాత్ర కొని మింగుతారు. అసిట్రోం వాడుతూ అది మింగితే రక్తస్రావమయ్యే ప్రమాదం ఎంతో వాళ్లకు చెప్పేదెవరు? అసిట్రోం అయిపోతే కొందరు ఆస్పిరిన్‌తో సరిపెట్టుకుంటారు. అది దీనికి బదులు కాదు.

వేలి నుంచి చుక్క రక్తం తీసి నిమిషాల్లో ఐఎన్‌ఆర్ చూపే చిన్న యంత్రాలున్నాయి. మిరప మండలాల ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో కోతల కాలానికైనా వాటిని ఉంచాలి. డోసు, ఐఎన్‌ఆర్ రాసిన పుస్తకం రోగి చేతికివ్వాలి; ఏ ఊరి డాక్టరైనా దాన్ని చూసి డోసు సరిచేయాలి.

ఇంకోమాట. ఊళ్లలో బీపీ చూస్తున్నప్పుడు చాలా డిజిటల్ మిషన్లు నాడి లయ తప్పిందని గుర్తు చూపిస్తాయి. సిబ్బంది అంకె రాసుకుని మిషన్ మూసేస్తున్నారు. ఆ గుర్తు కనిపిస్తే ఈసీజీకి పంపమని చెప్పడానికి కొత్త పథకమేమీ అక్కర్లేదు. ఐఎన్‌ఆర్ యంత్రాల సంగతి మాత్రం జిల్లా వైద్యారోగ్య శాఖ సంక్రాంతిలోపే తేల్చాలి.

– ఒక మందుల దుకాణదారు, ఆదోని, కర్నూలు జిల్లా