ఇకపై మా కొట్టులో ‘గుడ్ కండిషన్’ అనే మాట ఉండదు

అందరికీ నమస్కారం. పాత హామ్ రేడియో సెట్ల కోసం (లైసెన్స్ తీసుకుని సరదాగా దూరాలతో మాట్లాడుకునేవాళ్ల వైర్‌లెస్ సెట్లు) మా కొట్టుకి వచ్చేవాళ్లకి, ఫోన్‌లో అడిగేవాళ్లకి ఒక సంగతి చెప్పాలి. ఇన్నాళ్లూ మేం అమ్మే ప్రతి సెట్టు మీదా ఒక చీటీ అంటించేవాళ్లం. మోడల్ పేరు, ధర, కింద ‘గుడ్ కండిషన్’ అని రాసి ఉండేది. ఈ నెల నుంచి ఆ మాట తీసేశాం. ఎందుకో చెబుతాను.

పోయిన వేసవిలో కోనసీమ నుంచి ఒక రిటైర్డ్ మాస్టారు వచ్చి 1980ల నాటి జపాన్ సెట్టు ఒకటి తీసుకున్నారు. నూరు వాట్ల సెట్టు. ముందు ప్యానెల్ మీద గీత కూడా లేదు. నేను ఏసీ గదిలో పది నిమిషాలు ఆన్ చేసి, రెండు బ్యాండ్లు (ఫ్రీక్వెన్సీ పట్టీలు) విని, డమ్మీ లోడ్ (పరీక్ష కోసం యాంటెనా బదులు పెట్టేది) మీద ఒకసారి మైకు నొక్కి చూసి, బాగుందని చెప్పి ఇచ్చేశాను. మూడు వారాలకి ఆయనే మళ్లీ వచ్చారు. సెట్టుని తువ్వాలులో చుట్టి, రాత్రంతా బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చారు. “బాబూ, అరగంట బాగానే వినిపిస్తుంది. ఆ తర్వాత అంకెలు పోయి చుక్కలొస్తాయి. ఇంక ఉలుకూ పలుకూ ఉండదు” అన్నారు. ఆ మాటలో కోపం లేదు. అందుకే నాకు ఇంకా బాధనిపించింది.

మూత తీస్తే విషయం కళ్ల ముందే ఉంది. వీసీఓ (సెట్టు ఫ్రీక్వెన్సీని పుట్టించే భాగం) కాయిల్స్ అదరకుండా ఫ్యాక్టరీలో వాటి చుట్టూ ఒక జిగురు పోస్తారు. కొత్తలో లేత రంగులో ఉండే ఆ జిగురు ఏళ్లు గడిచేకొద్దీ ముదురు పాకంలా గోధుమరంగుకి తిరిగి గట్టిపడుతుంది. అక్కడితో ఆగదు. కొంచెం కొంచెంగా కరెంటు పారనిస్తుంది, పక్కనున్న పార్టుల కాళ్లని తినేస్తుంది. సెట్టు వేడెక్కాక వీసీఓ లాక్ తప్పుతుంది, అంటే ఫ్రీక్వెన్సీ నిలకడ పోతుంది. తప్పగానే డిస్‌ప్లే మీద అంకెల బదులు చుక్కలొస్తాయి. ఆ తరం సెట్లు రిపేరు చేసేవాళ్లకి ఇది తెలిసిన జబ్బే. నాకూ తెలుసు. పది నిమిషాల్లో బయటపడదనీ తెలుసు. అయినా ఆ రోజు దాని ముందు కూర్చోలేదు. తప్పు నాదే.

వెదురు పుల్లతో జిగురు మొత్తం గీకి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడిగి, కాళ్లు పోయిన కెపాసిటర్లు మార్చి, మళ్లీ ట్యూన్ చేసేసరికి రెండు రోజులు పట్టింది. డబ్బు తిరిగి ఇచ్చేస్తానన్నా మాస్టారు ఒప్పుకోలేదు, సెట్టే కావాలన్నారు. బస్సు ఛార్జీలు మాత్రం బతిమాలి ఇచ్చాను. ఇప్పుడు పొద్దున్నే నలభై మీటర్ల బ్యాండులో ఆయన గొంతు వినిపిస్తే నాకు ప్రాణం కుదుటపడుతుంది.

ఇంత పట్టింపు దేనికి అని కొందరు అనుకోవచ్చు. 2004 డిసెంబర్‌లో మన హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో నుంచి భారతీ ప్రసాద్ గారి బృందం అండమాన్ వెళ్లి పోర్ట్ బ్లెయిర్‌లో స్టేషన్ పెట్టింది. ప్రపంచంలోని హామ్‌లకి అండమాన్‌తో రేడియోలో మాట్లాడే అవకాశం ఇవ్వడం కోసం వెళ్లారు. డిసెంబర్ 26న సునామీ వచ్చింది. ఫోన్లు పోయిన చోట అదే సెట్లతో దీవుల కబురు బయటికి చేరవేశారు. ఆ రోజున ఆ సెట్టు అరగంటకే చుక్కలు చూపించి ఉంటే? నా చేతి మీదుగా వెళ్లే ప్రతి సెట్టు గురించీ ఇప్పుడు ఈ ప్రశ్న వేసుకుంటున్నాను.

అందుకని కొత్త పద్ధతి ఇది. ప్రతి సెట్టూ మూత పెట్టి, ఏసీ లేని గదిలో కనీసం రెండు గంటలు ఆన్‌లో ఉంటుంది. ప్రతి బ్యాండులోనూ డమ్మీ లోడ్ మీద ఎన్ని వాట్లు వస్తున్నాయో కొలిచి రాస్తాం. మొదటి పావుగంటలో, ఆ తర్వాత గంటలో ఫ్రీక్వెన్సీ ఎంత జరిగిందో రాస్తాం. మేం ఏ పార్టు మార్చాం, అంతకుముందు ఎవరో చేయి పెట్టిన గుర్తులు ఎక్కడున్నాయి, ఏది పనిచేయడం లేదు, అన్నీ సెట్టుతో ఇచ్చే పరీక్ష కాగితం మీదే ఉంటాయి. పరీక్ష చేయనిది ఉంటే ‘చూడలేదు’ అనే రాస్తాం. ముప్పై రోజుల్లోపు కాగితంలో లేని లోపం బయటపడితే మీ ఇష్టం, బాగు చేయించుకున్నా సరే, డబ్బు వాపసు తీసుకున్నా సరే.

దీనికి ఒక్కో సెట్టు మీద దాదాపు ఒక పూట పని పెరిగింది కాబట్టి ధర 1,500 రూపాయలు పెరుగుతుంది. ఇది దాచి అమ్మడం నాకిష్టం లేదు, బిల్లులో విడిగానే కనిపిస్తుంది.

మా దగ్గరే కొనాలని లేదు. బయట ఎవరింట్లోనో సెట్టు చూడ్డానికి వెళ్తుంటే కొన్ని మాటలు గుర్తుపెట్టుకోండి. మీరు వెళ్లేసరికి సెట్టు చల్లగా ఉండాలి. ముందే ఆన్ చేసి వేడెక్కించి ఉంచితే, ఎందుకని అడగండి. పది నిమిషాల వీడియోలో ఏ సెట్టయినా బాగానే వినిపిస్తుంది, దాన్ని నమ్ముకుని డబ్బు పంపకండి. సెట్టు ఆన్‌లో ఉండగా యాంటెనా వైరు తీసి పెట్టి చూడండి. తీసినప్పుడు స్పీకర్లో సొద స్పష్టంగా తగ్గాలి, పెట్టగానే పెరగాలి. తేడా తెలియకపోతే యాంటెనా నుంచి సిగ్నల్‌ని మొదట అందుకునే భాగం దెబ్బతిన్నదని అనుమానించాలి. మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో ఈదురుగాలులతో పడే పిడుగులకి ఇలా పోయినవి చాలా వస్తాయి. పిడుగు నేరుగా పడక్కర్లేదు, పక్క వీధిలో పడ్డా చాలు. వాల్యూమ్ తిప్పితే గరగరమన్నంత మాత్రాన భయపడకండి, అది కంటాక్ట్ క్లీనర్‌తో పోతుంది. ఒక బ్యాండులో పలికి పక్క బ్యాండులో పలకకపోతే చాలాసార్లు బ్యాండు మార్చే రిలే (లోపలి స్విచ్) చిలుము పట్టి ఉంటుంది. విశాఖ, కాకినాడ వైపు నుంచి వచ్చే సెట్లలో ఉప్పుగాలికి ఇది మరీ ఎక్కువ.

మెమరీ బ్యాటరీ ఎప్పుడు మార్చారని తప్పకుండా అడగండి. మామూలు సెట్లలో అది అయిపోతే దాచుకున్న ఫ్రీక్వెన్సీలు పోతాయి, అంతే. ఐకామ్ ఐసీ-751, ఐసీ-ఆర్71 లాంటి వాటిలో మాత్రం సెట్టుని నడిపే ప్రోగ్రామే ఆ బ్యాటరీ మీద ఆధారపడిన చిన్న ర్యామ్ బోర్డులో ఉంటుంది. బ్యాటరీ చచ్చిందంటే సెట్టు మూగపోతుంది.

వాల్వు సెట్ల మీద మోజుతో వచ్చే కుర్రాళ్లు ఈ మధ్య పెరిగారు, నాకు చాలా సంతోషం. యాయెసు కంపెనీ ఎఫ్‌టీ-101 మీద ప్లేట్, లోడ్ నాబ్‌లు తిప్పుతూ మీటరు ముల్లు చూసుకోవడంలో ఉన్న ఆనందం కొత్త సెట్లలో దొరకదు. కానీ కొనేముందు వెనక ఏ ఫైనల్స్ (యాంటెనాకి పవర్ ఇచ్చే చివరి వాల్వులు) ఉన్నాయో చూడండి. ఎఫ్‌టీ-101ఈ లాంటి వాటిలో 6జేఎస్6సీ ఉంటాయి. అవి ఒకప్పుడు కలర్ టీవీల కోసం చేసిన వాల్వులు, మంచివి దొరకడం కష్టం. ఎఫ్‌టీ-101జెడ్‌డీలో, కెన్‌వుడ్ టీఎస్-830ఎస్‌లో 6146బీ ఉంటాయి, వాటికోసం వెతకడం కొంత సులువు. జపాన్ నుంచి నేరుగా వచ్చిన సెట్టయితే ట్రాన్స్‌ఫార్మర్ 100 వోల్టులకి కట్టి ఉండొచ్చు. మన 230కి పెడితే పొగే. ఏళ్ల తరబడి ఆన్ చేయని సెట్టుని తిన్నగా ప్లగ్గులో పెట్టకండి. మన పాత రేడియో మెకానిక్కులు వాడే సిరీస్ బోర్డు (కరెంటు ముందు బల్బు గుండా వెళ్లి సెట్టుకి చేరేది), నూరు వాట్ల ఫిలమెంట్ బల్బు చాలు. లోపల షార్ట్ ఉంటే బల్బు నిండుగా వెలుగుతుంది, సెట్టు బతుకుతుంది. వాల్వు సెట్టు లోపల 600 వోల్టుల పైమాటే ఉంటుంది. స్విచ్ ఆపేశాక కూడా కెపాసిటర్లలో నిలిచి ఉంటుంది. తెలియనివాళ్లు మూత తీయకండి, నా దగ్గరికి తీసుకురండి. వాల్వు సెట్టు మూత తీసి చూపించినందుకు మా కొట్టులో డబ్బు తీసుకోం.

డబ్బు ఎంతలో పెట్టుకోవాలని అందరూ అడుగుతారు. నా మాట వింటే సెట్టు మీద కొంచెం తగ్గించి యాంటెనా మీద పెట్టండి. నలభై మీటర్ల బ్యాండు డైపోల్‌కి (రెండు వైపులా వైరు చాచి కట్టే యాంటెనా) ఒక్కో వైపు పది మీటర్ల వైరు, మధ్యలో బాలన్ (వైర్లనీ కేబుల్‌నీ కలిపే చిన్న ట్రాన్స్‌ఫార్మర్), మంచి కేబుల్. ఇల్లు కట్టేటప్పుడు వాడే వైరింగ్ వైరుతో చేసుకున్నా బ్రహ్మాండంగా పనిచేస్తుంది. ఖరీదైన సెట్టు కొని, దాని వెనక బాల్కనీ గ్రిల్లుకి ముక్క వైరు కట్టుకుని ఏమీ వినబడడం లేదని దిగులుపడేవాళ్లని చూసి చెబుతున్నాను.

ఇంకో శత్రువు మన ఇంట్లోనే ఉంది. చవక ఎల్ఈడీ బల్బులు, ఇన్వర్టర్లు, సెల్ ఛార్జర్లు, మనం 13.8 వోల్టులకి తిప్పుకుని వాడే చవక ఎస్ఎంపీఎస్‌లు (పవర్ సప్లైలు), అన్నీ కలిసి బ్యాండు మీద సొద పోస్తాయి. ఒక రాత్రి మా వీధిలో కరెంటు పోయింది. సెట్టు బ్యాటరీ మీద నడుస్తోంది. ఎస్-మీటరు (వచ్చే సిగ్నల్ బలం చూపేది) ముల్లు ఏడు దగ్గర నుంచి ఒకటికి జారిపోయింది. అప్పటిదాకా సొద కింద అణిగిపోయిన ఒక ఇండోనేషియా స్టేషన్, ఎవరో పక్కగదిలో మెల్లగా మాట్లాడుతున్నట్టు వినిపించింది. ఆ సెట్టు ముప్పై ఐదేళ్లది. లోపమంతా సెట్టుదే అనుకుని నేను దాన్ని అంతకు ముందు వారమే పక్కన పెట్టబోయాను. మీరూ పాత సెట్టు అమ్మేసే ముందు ఒకసారి మెయిన్ ఆఫ్ చేసి, బ్యాటరీ మీద వినండి.

తక్కువ పవర్‌తో మొదలుపెట్టాలనుకునేవాళ్లకి హైదరాబాద్‌లోనే అష్హర్ ఫర్హాన్ గారు డిజైన్ చేసిన బిటెక్స్ సెట్లు అప్పుడప్పుడు మా దగ్గరికి వస్తుంటాయి. ప్రపంచమంతా వెళ్లిన డిజైన్ అది. ఏ పార్టు ఏం చేస్తుందో కళ్లతో చూసి నేర్చుకోవచ్చు. పాతది కొనేటప్పుడు ఒక్కటే జాగ్రత్త. బోర్డు ఒక్కటే అయినా పెట్టె, వైరింగు మాత్రం కొన్నవాళ్లు సొంతంగా చేసుకున్నవి. ప్లస్, మైనస్ ఎటు కలిపారో చూడకుండా కరెంటు ఇవ్వకండి.

మా దగ్గరికి సెట్లు ఎక్కువగా సైలెంట్ కీ అయినవాళ్ల ఇళ్ల నుంచే వస్తాయి. హామ్ చనిపోతే మనం అలా అంటాం. వాళ్ల భార్యో, కొడుకో ఫోన్ చేస్తారు. “ఏమండీ, ఆయన సామాను ఉంది, మాకు అర్థం కాదు, ఎంతో కొంత ఇచ్చి తీసుకెళ్లండి” అంటారు. ఎంతో కొంత అనే ఆ మాట దగ్గరే మోసం జరుగుతుంది. మేం సెట్టు ఎంతకి అమ్ముతామో ముందే ఆ ఇంట్లో చెబుతాం, అందులో మా వాటా ఎంతో చెబుతాం, అమ్మిన బిల్లు కాపీ ఇస్తాం. ఈ నెల వచ్చిన ఒక సెట్టు మీద, పవర్ స్విచ్ పక్కన మూలగా, ఎండిపోయిన కుంకుమ బొట్టు ఉంది. ఆయన ఏటా దసరాకి ఆయుధపూజలో పెట్టేవారట. మొత్తం తుడిచాను గానీ ఆ బొట్టు జోలికి వెళ్లలేదు. కాగితంలో అది కూడా రాశాను. కొనేవాళ్లు తుడుచుకోవాలనుకుంటే వాళ్లిష్టం.

లైసెన్స్ సంగతి. డీలర్ పొజెషన్ లైసెన్స్ (వైర్‌లెస్ సెట్లు దగ్గర పెట్టుకుని అమ్మే అనుమతి) మీద నడిచే కొట్టు మాది. హామ్ లైసెన్స్ కాపీ చూపించనిదే ట్రాన్స్‌మిట్ చేసే సెట్టు ఏదీ ఇవ్వం, తెలిసినవాళ్లయినా సరే. పొలం దగ్గర మాట్లాడుకోవడానికనీ, పెళ్లిలో వంటవాళ్లకనీ చైనా హ్యాండ్‌సెట్లు అడుగుతున్నారు. దయచేసి అడగకండి. 2025లో ఆన్‌లైన్ వాకీటాకీ అమ్మకాల మీద కూడా కేంద్రం మార్గదర్శకాలు తెచ్చింది. పరీక్ష రాయడం మీరు అనుకునేంత కష్టం కాదు. పన్నెండేళ్లు నిండిన పిల్లలు కూడా రాయొచ్చు. రెస్ట్రిక్టెడ్ గ్రేడ్ అనే మొదటి మెట్టు లైసెన్స్‌కి మోర్స్ (చుక్కలు, గీతల కోడ్) అక్కర్లేదు, పాసైతే వీయూ3తో మొదలయ్యే కాల్‌సైన్ (రేడియోలో మన గుర్తింపు పేరు) వస్తుంది. చదువుకునేటప్పుడు అర్థం కాని చోట కొట్టుకి రండి, నేర్పిస్తాను. ఈలోగా వినడానికి మాత్రమే పనికొచ్చే పాత రిసీవర్లు రెండున్నాయి, వాటితో చెవి అలవాటవుతుంది.

ఈ నెల పరీక్ష పూర్తయిన హెచ్‌ఎఫ్ (షార్ట్‌వేవ్) సెట్లు నాలుగు, 6146బీ జత ఒకటి, కేబుల్‌తో సహా డైపోల్‌లు ఆరు ఉన్నాయి. ఇంకో మూడు సెట్లు బల్ల మీద ఉన్నాయి, వాటి కాగితం పూర్తయ్యేదాకా ధర చెప్పను. శనివారం సాయంత్రాలు ఆరు నుంచి తొమ్మిది దాకా మేడ మీద యాంటెనాకి కలిపి పెడతాను. కొనేది లేకపోయినా వచ్చి కూర్చుని వినండి. ఎవరి హెడ్‌ఫోన్ వాళ్లు తెచ్చుకుంటే మంచిది, మా దగ్గర ఉన్నది ఒక్కటే.