వింత చేపను పారేయకండి, దాచి గోపాల్‌పూర్‌కు ఇవ్వండి

సంపాదకుల వారికి నమస్కారం.

‘వలకు చిక్కిన వింత చేప’ అంటూ మీ గంజాం జిల్లా పేజీలో అప్పుడప్పుడు ఫొటో వేస్తుంటారు. ఇష్టంగా చదువుతాను. ఆ తర్వాత ఆ చేప ఏమైందన్నది మాత్రం వార్తలో ఉండదు. చాలాసార్లు కాకుల పాలో, కోళ్ల దాణా పాలో అవుతుంది. లోతు సముద్రపు చిన్న చేపల విషయంలో ఇది తీరని నష్టం. వాటి జాతిని ఫొటో చూసి తేల్చడం చాలావరకు కుదరదు.

మిక్టోఫిడే కుటుంబపు దీపపు చేపలనే తీసుకోండి. చాలావరకు వేలెడంతే ఉంటాయి. పగలు వందల మీటర్ల లోతున ఉండి, రాత్రికి పైకొస్తాయి. ప్రపంచంలో సుమారు 250 జాతులున్నా చూడ్డానికి అన్నీ ఒక్కలాగే కనిపిస్తాయి. ఒంటి మీద వెలిగే చుక్కలు ఎన్ని, ఏ వరసలో ఉన్నాయన్న దాన్ని బట్టే ప్రధానంగా జాతి తెలుస్తుంది. వల రాపిడికి పొలుసులతో పాటు ఆ చుక్కలూ రాలిపోతాయి. అప్పుడు రెక్కల పుల్లలు లెక్కపెట్టాలి, ఎక్స్‌రే తీసి వెన్నుపూసలు చూడాలి, తలలోని చెవిరాయి ఆకారం పరీక్షించాలి. అప్పటికీ అనుమానం తీరకపోతే డీఎన్ఏ. చేపను కుళ్లకుండా ఉంచే ఫార్మాలిన్ ద్రవంలో వేస్తే ఆకారం నిలుస్తుంది గానీ డీఎన్ఏ దెబ్బతింటుంది. అందుకే ముందుగా చిన్న కండ ముక్క కోసి ఆల్కహాల్‌లో విడిగా ఉంచుతారు. ఇవన్నీ చేయాలంటే చేప చేతిలో ఉండాలి కదా!

మన బంగాళాఖాతానికి ఈ పని కొత్త కాదు. ‘ఇన్వెస్టిగేటర్’ అనే సర్వే ఓడలో పనిచేసిన ప్రకృతి శాస్త్రవేత్త ఆల్కాక్ 1890లో వర్ణించిన దీపపు చేపే నేటి బెంతోసీమా టెరోటమ్. ఇప్పుడు జంతుజాతులను పరిశోధించే ప్రభుత్వ సంస్థ జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా కేంద్రం గోపాల్‌పూర్‌లోనే ఉంది. జిమ్నోథొరాక్స్ ఒడిషి అనే కొత్త పాము చేపను 2018లో లోకానికి చెప్పిన వారిలో అక్కడి శాస్త్రవేత్తలున్నారు. ఇంత దగ్గరలో తెలిసినవాళ్లుండగా చేపను పారేసుకోవడం నాకు బాధగా ఉంది.

గోపాల్‌పూర్, ఆర్యపల్లి ఒడ్డున మన తెలుగు మత్స్యకారులు ఉన్నారు. విశాఖ, పారాదీప్ బోట్ల మీద పనికి వెళ్లేవాళ్లూ ఉన్నారు. వల ఎన్ని బారల లోతుకు దిగిందో వాళ్లకు తెలిసినంతగా ఏ పుస్తకానికీ తెలియదు. ఆ లోతు, తేదీ, చోటు రాసి లేకపోతే సీసాలోని చేప విలువ సగం పోయినట్టే.

మత్స్యశాఖ వారికి నా విన్నపం: చేపలు దించే ప్రతి రేవులో ఒక ఐసు పెట్టె, ఒడియా, తెలుగు భాషల్లో అచ్చువేసిన చీటీలు పెట్టించండి. చేప తెచ్చిచ్చిన కలాసీకి ఎంతోకొంత డబ్బు ఇవ్వండి, ఊరికే తెమ్మంటే ఎవరు తెస్తారు? వారానికోసారి ఆ పెట్టెను గోపాల్‌పూర్ కేంద్రానికి చేర్చండి. మీ విలేకరులు కూడా ఇకపై వింత చేప ఫొటో కింద అది ఎంత లోతున దొరికింది, ఇప్పుడు ఎక్కడ భద్రపరిచారు అన్న రెండు సంగతులూ రాయాలని కోరుతున్నాను.

— ఒక విశ్రాంత జంతుశాస్త్ర అధ్యాపకుడు,
బరంపురం, గంజాం జిల్లా, ఒడిశా