సినిమాకు అరపేజీ, పిల్లలకు ఒక్క వాక్యమూ లేదు

సంపాదకులకు నమస్కారం.

ఢిల్లీ పక్కన నోయిడాలోని నిఠారీలో జరిగిన పిల్లల హత్యల మీద వచ్చిన హిందీ సినిమా గురించి మీ సినిమా పేజీలో అరపేజీ వేశారు. వారం దాటినా కోపం తగ్గక రాస్తున్నాను. హంతకుడి వేషం వేసినతని చూపును, నవ్వును అంతగా మెచ్చుకున్నారే, చచ్చిపోయిన పిల్లల గురించి ఒక్క వాక్యం రాయడానికి చోటు లేకపోయిందా?

సినిమాలో పేర్లు మార్చినా కథ ఎవరిదో అందరికీ తెలుసు. ఏ ఇంటి దగ్గరి కాలువలో ఎముకలు దొరికాయో ఆ ఇంటి పనివాడినే హంతకుడని పట్టుకున్నారు. అతన్ని అలహాబాద్ హైకోర్టు 2023 అక్టోబరులో 12 కేసుల్లో నిర్దోషి అంది. సినిమా వచ్చింది ఆ మరుసటి ఏడాది. మిగిలిన ఒక్క కేసులోనూ 2025 నవంబరులో సుప్రీంకోర్టు వదిలేసింది. మరి 2006 డిసెంబరులో మురుగుకాలువలో ఎముకలై తేలిన ఆ పిల్లల్ని చంపిందెవరు? పత్రిక అడగాల్సింది ఇది. పిల్లలు కనబడటం లేదని కన్నవాళ్లు మొత్తుకున్నప్పుడే పోలీసులు కదిలుంటే అన్ని ప్రాణాలు పోయేవా?

నోయిడా దాకా ఎందుకు? మన ఈసీఐఎల్ నుంచి కీసర దాటి పోతే బొమ్మలరామారం మండలం హాజీపూర్. 2019 ఏప్రిల్‌లో స్పెషల్ క్లాసుకు వెళ్లిన పిల్ల ఇల్లు చేరలేదు, పాడుబడ్డ బావిలో దొరికింది. వెతికితే ఇంకో అమ్మాయి. ఆ తర్వాత 2015లో మాయమైన 11 ఏళ్ల పాప ఎముకలు. నాలుగేళ్లు ఆ పాపను ఎవరు వెతికారండీ? బస్సు లేకే పిల్లలు ఆ హంతకుడి బండి ఎక్కాల్సి వచ్చిందని ఊరంతా రోడ్డెక్కి ఏడ్చింది. 2020 ఫిబ్రవరిలో నల్గొండ కోర్టు వాడికి ఉరిశిక్ష వేసింది, అంతటితో అందరూ మర్చిపోయారు. రేపు దీన్నీ సినిమా తీస్తారు. పోస్టరు మీద వాడి మొహం ఉంటుంది, రాని బస్సు ఉండదు. ఇలాంటి సినిమాలు వచ్చే ఓటీటీకి సెన్సారు కూడా లేదు. ఎన్నేళ్ల వాళ్లు చూడొచ్చో వాళ్లే రాసుకుంటారు, మా మనవడి చేతిలో ఫోనుంటే ఆపేదెవరు?

మూడేళ్ల కిందట మా వీధిలో ఇంటర్ చదివే పిల్ల రాత్రి తొమ్మిదైనా రాలేదు. వాళ్లమ్మకు తోడుగా నేనూ స్టేషనుకు వెళ్లాను. కాలేజీ మా హద్దులోది కాదు, అక్కడికి పొమ్మన్నారు. అక్కడికి పోతే ఇల్లున్న చోటే ఫిర్యాదు ఇవ్వాలన్నారు. తిరిగొస్తే, "ఎవరితోనన్నా పోయిందేమో, పొద్దున చూద్దాం" అన్నారు. కన్నతల్లి ముందు అనాల్సిన మాటేనా అది? వీధి చివరి కెమెరా అయినా చూడమంటే అది ఆర్నెల్లుగా పనిచెయ్యడం లేదట. బస్సు దిగుతూ పడిపోతే ఎవరో పుణ్యాత్ములు ఆ పిల్లను ఆస్పత్రిలో చేర్చారు కాబట్టి బతికింది. పిల్లలు కనబడటం లేదంటే ఎఫ్‌ఐఆర్ కట్టి తీరాలని సుప్రీంకోర్టు 2013లోనే చెప్పింది. హద్దు తమది కాకపోతే జీరో ఎఫ్‌ఐఆర్ కట్టాలి, అంటే ముందు కేసు రాసుకుని తర్వాత ఆ హద్దు స్టేషనుకు పంపాలి. ముప్పయ్యేళ్లు పాఠాలు చెప్పిన నాకే ఆ రాత్రి ఈ సంగతి తెలియదు. ఏమీ తెలియని తల్లులు ఎవరిని నిలదీస్తారు?

ఆ సినిమాకు ఇచ్చినంత చోటే హాజీపూర్‌కూ ఇవ్వండి. ఒక విలేకరిని పంపి, సాయంత్రం బడి వదిలే వేళకు ఆ ఊరికి బస్సు వస్తోందో లేదో చూసి రాయించండి.

విశ్రాంత ఉపాధ్యాయురాలు,
కుషాయిగూడ, హైదరాబాద్