పాస్‌వర్డ్ మార్చినా తలుపు తెరిచే ఉండొచ్చు

అందరికీ నమస్కారం. మెయిల్ అకౌంట్ హ్యాక్ అయిందని తెలియగానే పాస్‌వర్డ్ మార్చేసి, ఎంఎఫ్ఏ (పాస్‌వర్డ్‌తో పాటు ఓటీపీ లాంటి రెండో తనిఖీ) పెట్టేసి ఊపిరి పీల్చుకుంటాం. దయచేసి అక్కడితో ఆగకండి.

లోపలికి వచ్చినవాడికి తగిన అడ్మిన్ హక్కులు దొరికితే, తన చేతిలో ఉన్న ఇంకో అకౌంట్‌కి ఆ మెయిల్‌బాక్స్ మీద ఫుల్ యాక్సెస్ ఇచ్చుకుంటాడు. ఇక బాధితుడి పాస్‌వర్డ్‌తో వాడికి పనే లేదు. 'సెండ్ యాజ్' అనే హక్కు కూడా తీసుకుంటే, బాధితుడి పేరుతోనే మెయిల్ పంపుతాడు.

నన్ను ఎక్కువ టెన్షన్ పెట్టేది ఫోల్డర్ పర్మిషన్. మైక్రోసాఫ్ట్ మెయిల్ సర్వర్ ఎక్స్ఛేంజ్‌లో ప్రతి ఫోల్డర్‌కీ 'డిఫాల్ట్' అనే ఎంట్రీ ఉంటుంది, విడిగా పేరు లేని మిగతా ఉద్యోగులందరికీ వర్తించేది అదే. ఇన్‌బాక్స్‌కి అది మామూలుగా 'నన్' (ఏ హక్కూ లేదు) అని ఉండాలి. దాన్ని 'రివ్యూయర్' (చదివే హక్కు) చేస్తే చాలు, సంస్థలో ఏ అకౌంట్‌తో లాగిన్ అయినా ఆ ఇన్‌బాక్స్ చదివేయొచ్చు. కొత్త పేరేదీ కనబడదు కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. మెయిల్‌బాక్స్ హక్కులు చూపే గెట్-మెయిల్‌బాక్స్‌పర్మిషన్ కమాండ్ కొట్టినా ఇది బయటపడదు. గెట్-మెయిల్‌బాక్స్‌ఫోల్డర్‌పర్మిషన్ విడిగా, ఒక్కో ఫోల్డర్‌కీ నడపాల్సిందే. లాగిన్ కానివాళ్లకి వర్తించే 'అనానిమస్' ఎంట్రీ కూడా చూడండి.

ఆడిట్ లాగ్‌లో (ఎవరు ఏం మార్చారో నమోదయ్యే చిట్టాలో) యాడ్-మెయిల్‌బాక్స్‌పర్మిషన్, సెట్-మెయిల్‌బాక్స్‌ఫోల్డర్‌పర్మిషన్ అని వెతికి, ఎవరు ఎప్పుడు మార్చారో చూడండి. సెలవులో ఉన్నవాళ్ల పని చూసుకోవడానికి ఇచ్చి మరిచిపోయిన పాత డెలిగేషన్లు (వేరేవాళ్లకి ఇచ్చిన హక్కులు) కూడా తీసేయండి, వాటి మధ్య దొంగ ఎంట్రీ కలిసిపోతుంది. మెయిల్‌ని బయటికి దారి మళ్లించే ఫార్వర్డింగ్ రూల్స్ కూడా చూడాలని మీకు తెలిసిందే.

ముందు ఫైనాన్స్ వాళ్ల, పైఅధికారుల మెయిల్‌బాక్స్‌లు చూడండి. తేడాగా కనబడితే తీసేసే ముందు స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. అర్థం కాకపోతే ఏ టైమైనా నాకు మెసేజ్ చేయండి, కలిసి చూద్దాం.